బడిలో ఏడిపింపులు ఆపాలంటే ఏం చేయాలి? ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఊళ్ల టీచర్లకు, తల్లిదండ్రులకు

నా చదువంతా ఒడియా మీడియంలోనే సాగింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నాలుగో తరగతిలో ఒకరోజు పాఠం పైకి చదువుతూ 'ఘొరొ' (ఇల్లు) అనాల్సిన చోట 'ఘర' అన్నాను. తెలుగులో మనం అక్షరాన్ని 'అ'తో పలుకుతాం, ఒడియావాళ్లు దాదాపు 'ఒ'లా పలుకుతారు. తేడా అంతే. క్లాసంతా నవ్వింది. మేష్టారు కూడా నవ్వారు. ఆ ఏడాదంతా నా పేరు 'ఘర' అయిపోయింది. జవాబు తెలిసినా చెయ్యెత్తడం మానేశాను.

ఇప్పుడు నేను ఒడిశాలోని గజపతి జిల్లాలో టీచరుగా పనిచేస్తున్నాను. నా క్లాసులో తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు, కొండ ఊళ్ల సవర గిరిజన పిల్లలు ఉన్నారు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు చాలా బళ్లలో ఇలాగే ఉంటుంది. ఏడిపించేది ఒక్క వర్గం వాళ్లే అనుకోకండి. మా తెలుగు పిల్లాణ్ణి 'తెలెంగా' (తెలుగోడా) అని ఏడిపిస్తే ఇంటికొచ్చి ఏడుస్తాడు. మర్నాడు వాడే సవర పిల్లాణ్ణి 'కొండోడా' అంటాడు. కింద రాసినవన్నీ నేను చేసి చూసినవే.

1. ముందు ఒక వారం ఊరికే చూడండి

ఏడిపింపు క్లాసులో, మన కళ్లముందు తక్కువ. కుళాయి దగ్గర, మధ్యాహ్న భోజనం లైన్లో, బడి ఆటోలో, హాస్టల్లో బట్టలుతికే చోట ఎక్కువ. అక్కడ నిలబడండి. లైన్లో ఎప్పుడూ చివరికి ఎవరు వెళ్తున్నారు? ఎవరి పక్కన చాప ఖాళీగా ఉంటోంది? ఎవరు ఇంటర్వెల్లో బయటికి రావడం లేదు? చిన్న నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకోండి.

స్నేహితులు ఒకరినొకరు ఆటపట్టించుకోవడం వేరు. అందులో ఇద్దరూ నవ్వుతారు, ఇద్దరూ తిప్పికొడతారు. ఒకే పిల్లను మళ్లీ మళ్లీ అంటుంటే, తిరిగి అనే బలం ఆ పిల్లకు లేకపోతే, అది వేధింపే. 'పిల్లలన్నాక మామూలే' అని వదిలేయకండి.

2. పెద్దల నోటి నుంచి మొదలుపెట్టండి

ఇది అందరికంటే టీచర్లకే కష్టమైన పని. హాజరు పిలిచేటప్పుడు సవర పిల్లల పేర్లను మనం ఎన్నిసార్లు విరుస్తాం! నోరు తిరగక ఒక పేరును సగం చేసి పిలిస్తే, ఆ సగం పేరుతోనే క్లాసంతా ఏడిపిస్తుంది. ఏడాది మొదట్లో ఒక్కో పిల్లను దగ్గరికి పిలిచి, 'నీ పేరు మీ అమ్మ ఎలా పిలుస్తుంది?' అని అడగండి. అది విని, మన లిపిలో పక్కన రాసుకుని, అలాగే పిలవండి. నాకు రెండు రోజులు పట్టింది.

స్టాఫ్ రూములో కూడా కులం పేరుతో, ఒంటి రంగుతో, 'ఆ కొండ గుంటడు' అని మాట్లాడుకోవడం మానాలి. పిల్లలకు అన్నీ వినబడతాయి.

3. వేరే భాష పిల్లకు 'తెలిసిన మనిషి' స్థానం ఇవ్వండి

నా దృష్టిలో అసలు పని ఇదే. మన బళ్లలో వైవిధ్యం అంటే వార్షికోత్సవం నాడు సవర పిల్లలతో డాన్సు వేయించి, చప్పట్లు కొట్టి పంపేయడం. ఏటా అదే పిల్ల, అదే వేషం. మిగతా రోజుల్లో ఆ వేషం పేరుతోనే ఆమెను పిలుస్తారు. స్టేజీ మీద అరగంట కంటే క్లాసులో రోజూ పది నిమిషాలు మేలు.

మేం నల్లబల్ల పక్కన ఒక చార్టు పెట్టాం. రోజుకు ఒక వస్తువు, మూడు భాషల్లో. ఉప్పు, లుణొ. నీళ్లు, పాణి. మూడో గడిలో సవర మాట ఆ పిల్లలు చెప్తేనే రాస్తాం, పెద్దలం ఊహించి రాయం. మొదటి వారం వాళ్లు నోరు విప్పలేదు. నేనే తప్పుగా పలికి చూశాను. వెనక చాప నుంచి ఒక పాప సర్రున లేచి, 'అలా కాదు టీచర్' అని సరిచేసింది. నేను మళ్లీ తప్పు పలికాను, ఆమె మళ్లీ సరిచేసింది. క్లాసు నవ్వింది, ఈసారి నన్ను చూసి. ఆ పాప నిలబడిన తీరు నాకు ఇంకా గుర్తుంది: చేతులు నడుం మీద పెట్టుకుని, అచ్చం టీచర్‌లాగే.

తప్పులు ఎందుకొస్తాయో కూడా పాఠంగా చెప్పండి. ఒడియా పిల్లాడు తెలుగులో 'అక్క వచ్చాడు' అంటే మనవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఒడియా క్రియలో ఆడ, మగ తేడా లేదని చెప్తే నవ్వు ఆగుతుంది. మనం 'ఘర' అనడం కూడా అలాంటిదే. తప్పు వెనక ఒక భాష ఉందని తెలిస్తే పిల్లలు దాన్ని ఆసక్తిగా తవ్వుతారు.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం కదా, అది గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. ఆయన 1880లో ఈ పర్లాకిమిడిలోనే టీచరుగా చేరారు. సవరలతో కలిసి తిరిగి వాళ్ల భాష నేర్చుకున్నారు, వాళ్ల పిల్లల కోసం బళ్లు పెట్టారు, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆయన పేరు మీద జరిగే రోజున సవర మాట వినిపించకపోతే అన్యాయం. ఆరోజు మొదటి మాట సవర పిల్లలతో చెప్పించండి.

4. క్యారేజీ దగ్గర జాగ్రత్త

ఒక పాప రోజూ క్యారేజీ మూతను గోడలా నిలబెట్టి, వెనక తలదించుకుని తాగేది. చోడి అంబలి. పక్క పిల్లలు 'మట్టినీళ్లు తాగుతున్నావేటే?' అనేవాళ్లట. తిట్టినంత మాత్రాన ఇది పోదు. నేను ఆ శనివారం క్లాసుకు గుప్పెడు చోళ్లు తెచ్చి అందరి చేతుల్లో పోశాను. 'మీ ఇంట్లో దీన్నేమంటారు?' అని అడిగాను. కొందరు చోళ్లన్నారు, కొందరు రాగులు, ఒడియా పిల్లలు మాండియా. జావ తాగని ఇల్లు ఒక్కటీ లేదు! మట్టినీళ్లన్న పిల్లాడి ఇంట్లోనూ ఎండాకాలం 'మాండియా జావు' కాస్తారు. మన చద్దన్నం, వాళ్ల పఖాళొ కూడా ఇంతే. మార్చి 20న ఒడిశాలో పఖాళొ దినం చేస్తారు, ఆరోజు అందరినీ కలిపి కూర్చోబెట్టడానికి మంచి వీలు.

ఎవరి తిండినీ బలవంతంగా అందరి ముందూ తెరిపించకండి. ఇంట్లో ఏమీ లేక ఖాళీ చేతులతో వచ్చిన పిల్ల ఉంటుంది.

5. చూసేవాళ్లకు పని చెప్పండి

ఏడిపించేవాడికి బలం చుట్టూ నవ్వేవాళ్లే. వాళ్లకు మూడు పనులు నేర్పండి: నవ్వకుండా ఉండు, ఆ పిల్లను 'రా, ఆడుకుందాం' అని పక్కకు తీసుకెళ్లు, టీచరుకు చెప్పు. చాడీలు చెప్పడం, సాయం అడగడం ఒకటి కాదని విడమర్చి చెప్పండి.

6. జరిగినప్పుడు ఆరోజే కదలండి

భేదాలను గౌరవించడం నేర్పుతున్నాం కదా అని, జరుగుతున్న వేధింపును చూస్తూ ఊరుకోకూడదు. ముందు ఆపాలి. ఇద్దరినీ విడివిడిగా, వేర్వేరు సమయాల్లో కూర్చోబెట్టి వినండి. అందరి ముందు 'సారీ చెప్పు, చేతులు కలుపు' అనొద్దు. దెబ్బతిన్న పిల్లకు అది రెండో అవమానం. 'నువ్వే సర్దుకో' అనడం, ఆమెనే వేరే సెక్షనుకు మార్చడం అంతకంటే తప్పు. ఏడిపించిన పిల్లాణ్ణి కొట్టకండి. విద్యా హక్కు చట్టం, 2009లోని సెక్షన్ 17 పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. వాడు పాడుచేసింది వాడితోనే బాగుచేయించాలి. పుస్తకం చించితే అట్ట వేసి ఇవ్వాలి, ఆటలోంచి తోసేస్తే తనే పిలవాలి. రెండు కుటుంబాలతోనూ మాట్లాడండి.

బడి పట్టించుకోకపోతే తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లు ఉండాలని అదే చట్టం చెబుతోంది. ఆ కమిటీలో ఈ విషయం పెట్టించండి. పిల్లకు ప్రమాదం అనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు.

7. ఇంట్లో

'బడి ఎలా ఉంది?' అంటే 'బాగుంది' అంటారు. దానికి బదులు 'ఇవాళ ఎవరి పక్కన కూర్చుని తిన్నావు?' అని అడగండి. రోజూ జవాబు మారుతుంటే పరవాలేదు. వరసగా 'ఎవరూ లేరు' అని వస్తే మర్నాడు బడికి వెళ్లండి. అలాగే ఇంట్లో మనం ఒడియావాళ్ల గురించి, కొండవాళ్ల గురించి ఏం మాట్లాడుతున్నామో ఒక పూట గమనించుకోండి. మా ఇంట్లో నేను ఇద్దరు పెద్దవాళ్లను ఆపాల్సి వచ్చింది, టెన్షన్ పడుతూనే ఆపాను.

ఇవన్నీ మొదలుపెట్టిన రెండు వారాలకు మళ్లీ కుళాయి దగ్గర నిలబడండి. ఆ పాత నోట్‌బుక్ తీసి, లైన్లో చివర ఎవరున్నారో చూడండి. అదే పిల్ల అయితే మూడో మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.