టీసీపీ ర్యాపర్‌లో తెలుగు మెసేజ్ తెగిపోతోందా?

పర్లాకిమిడిలో మా వీధి పిల్లలకు సాకెట్లు (నెట్‌వర్క్ మీద ప్రోగ్రాములు మాట్లాడుకునే కొసలు) నేర్పుతూ పైథాన్‌లో వాటికి చిన్న ర్యాపర్, అంటే తొడుగు లాంటి కోడ్, రాశాను. కనెక్ట్, పంపు, అందుకో: మూడే ఫంక్షన్లు. మిగతా తలనొప్పి లోపలే ఉండాలని నా ఉద్దేశం. అది బయటికొచ్చిన చోట్లు ఇవి.

సమస్య: ఇంగ్లిష్ బాగానే వెళ్తుంది. తెలుగు గానీ ఒడియా గానీ పంపితే ఒక్కోసారి యూనికోడ్ డీకోడ్ ఎర్రర్, అంటే వచ్చిన బైట్లను అక్షరాలుగా మార్చలేకపోవడం.

కారణం: మన సాకెట్ల మధ్య డేటా మోసే టీసీపీకి మెసేజ్ అంటే ఏంటో తెలీదు, బైట్ల వరసే తెలుసు. ఒకసారి పంపింది రెండు ముక్కలుగా రావచ్చు, రెండుసార్లు పంపింది కలిసిపోయీ రావచ్చు. ‘నమస్కారం’లో 8 యూనికోడ్ గుర్తులున్నాయి. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 చొప్పున 24 బైట్లు. రిసీవ్ బఫర్ (ఒక్కసారికి చదివే బైట్ల పరిమితి) 16 పెట్టి చూడండి: ‘నమస్క’ దాకా 15 పోయాయి, దీర్ఘంలో మూడో వంతే చేతికొచ్చింది. ఇక డీకోడ్ ఏం చేస్తుంది పాపం!

పరిష్కారం: ముందు 4 బైట్లలో పొడవు, ఆ వెనక మెసేజ్ పంపాలి. అందుకునేవైపు అన్ని బైట్లూ చేరేదాకా లూప్‌లో చదవాలి. మధ్యలో ఖాళీ బైట్లు వస్తే అవతలివాళ్లు కనెక్షన్ మూసేశారని అర్థం.

పొడవు మాత్రం ఎన్‌కోడ్ చేశాకే, అంటే బైట్లుగా మార్చాకే, లెక్కపెట్టండి. నా మొదటి వెర్షన్‌లో 24 బదులు 8 అని పంపాను. వచ్చిన డీకోడ్ ఎర్రర్‌ని ట్రై-ఎక్సెప్ట్‌తో మింగేశాను కూడా. మిగిలిన 16 బైట్లలో మొదటి నాలుగింటిని ర్యాపర్ తర్వాతి మెసేజ్ పొడవనుకుని, సుమారు 310 కోట్ల బైట్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. నేను వైఫైని తిట్టుకుంటూ కూర్చున్నాను.

టీసీపీ బదులు యూడీపీ అనే ఇంకో పద్ధతికి మారితే ఈ గొడవ పోదా అని పిల్లలు అడుగుతారు. అందులో మెసేజ్ హద్దులు ఉంటాయి గానీ, మెసేజే దారిలో పోతే చెప్పే దిక్కుండదు.

సమస్య: సర్వర్ ఆపి వెంటనే నడిపితే ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’.

కారణం, పరిష్కారం: పాత కనెక్షన్ టైమ్-వెయిట్‌లో, అంటే మూసేశాక కాసేపు ఆగే స్థితిలో, ఉంది. లినక్స్‌లో అది 60 సెకన్లు. రీయూజ్ అడ్రస్ ఆప్షన్‌ని బైండ్‌కి (సర్వర్‌ని ఒక అడ్రస్‌కి కట్టడానికి) ముందే పెట్టండి, తర్వాత పెడితే లాభం లేదు.

సమస్య: నా ల్యాప్‌టాప్‌లో పనిచేస్తుంది, పక్కవాడికి కనెక్ట్ కాదు.

కారణం: సర్వర్‌ని 127.0.0.1కి బైండ్ చేశారు, అది ఆ ల్యాప్‌టాప్ లోపలి అడ్రస్. 0.0.0.0కి (ల్యాప్‌టాప్‌కున్న అన్ని అడ్రస్‌లకీ) మార్చి, ఇద్దరూ ఒకే హాట్‌స్పాట్‌లో చేరండి. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నమే, అయినా అక్కడి స్నేహితుడికి మీ 192.168 అడ్రస్ ఇస్తే పనిచేయదు. ఆ అడ్రస్ మీ హాట్‌స్పాట్ గడప దాటదు.