పోయిన వాసన మళ్ళీ ఎలా వచ్చిందంటే: నా అనుభవం

2021 మే నెలలో కరోనా తగ్గింది కానీ వాసన మాత్రం తిరిగి రాలేదు. ఒకరోజు పోపు మాడి, వంటిల్లంతా పొగ కమ్మేదాకా నాకు తెలియనే లేదు. గ్యాస్ లీకైనా ఇంతేగా అని ఆ రాత్రంతా ఒకటే టెన్షన్.

రెండు నెలలు చూసి ఈఎన్‌టీ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ముక్కులో కెమెరాతో చూసి అడ్డు ఏమీ లేదన్నారు. వైరస్ ముఖ్యంగా వాసన నరాలకు ఆసరాగా ఉండే కణాలను దెబ్బతీస్తుందట, ఆ నరాలకు మళ్ళీ పుట్టే గుణం ఉందట. స్మెల్ ట్రైనింగ్ చేయమన్నారు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ బృందం 2009లో ప్రచురించిన పద్ధతి ఇది: గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ వాసనలు రోజూ రెండు పూటలా, 12 వారాలు.

నాలుగు చిన్న సీసాలు తీసుకున్నాను. ఒకదాంట్లో దంచిన లవంగాలు, ఒకదాంట్లో నిమ్మతొక్క (రెండు రోజులకోసారి మార్చాలి, లేకపోతే బూజు పడుతుంది), మిగతా రెండింట్లో దూది మీద నీలగిరి తైలం, గులాబీ అత్తరు. కళ్ళు మూసుకుని, ఆ వాసన ఒకప్పుడు ఎలా ఉండేదో గుర్తు చేసుకుంటూ ఒక్కోటి పది సెకన్లు మెల్లగా పీల్చేదాన్ని. ఆ గుర్తు చేసుకోవడమే అసలు పని అని నా నమ్మకం.

ఐదో వారంలో కాఫీ కాలిన రబ్బరులా కంపు కొట్టింది. ఏడుపొచ్చేసింది. నరాలు కోలుకునేటప్పుడు చాలామందికి అలా అవుతుంది, మానొద్దన్నారు డాక్టరు గారు. మూడో నెలలో లవంగం తెలిసింది, తర్వాత ఇంగువ. మల్లెపూలు ఇంకా లీలగానే తెలుస్తున్నాయి. సీసాలు మంచం పక్కనే ఉన్నాయి.