మీ ఎంపీ నేపథ్యం, వైఖరి తెలుసుకోవడం ఎలా?

2024 లోక్‌సభ ఎన్నికల్లో సికింద్రాబాద్, మల్కాజిగిరి, చేవెళ్లలో గెలిచింది బీజేపీ వాళ్లే. వారి నేపథ్యం కావాలంటే ఎన్నికల సంఘం సైట్‌లో ఫారం 26 అఫిడవిట్ (నామినేషన్‌తో పాటు అభ్యర్థి ఇచ్చే ప్రమాణపత్రం) చూడండి. చదువు, కేసులు, ఆస్తులు, అప్పులు అందులోనే ఉంటాయి.

తర్వాత లోక్‌సభ సైట్‌లో వారి ప్రశ్నలు, ప్రసంగాలు వెతకండి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. సికింద్రాబాద్ ఎంపీ కిషన్‌రెడ్డి కేంద్ర మంత్రి. మంత్రులు ప్రశ్నలు వేయరు, జవాబులిస్తారు. హాజరు పట్టీలో సంతకమూ ఉండదు. ప్రశ్నలు, హాజరు సున్నా అని చూసి సోమరి అనేయకండి.

ఓటు సంగతి ఇంకా చిక్కు. మూజువాణితో, అంటే సభ్యులు నోటితో అవును, కాదు అంటే చాలన్న పద్ధతిలో, బిల్లు నెగ్గితే ఎవరు ఎటున్నారో నమోదు కాదు. డివిజన్ (ఓట్లు లెక్కించి నమోదు చేయడం) జరిగితేనే తేలుతుంది: 2025 ఏప్రిల్‌లో లోక్‌సభలో వక్ఫ్ సవరణ బిల్లుకు అనుకూలం 288, వ్యతిరేకం 232. విప్ (ఇలా ఓటేయాలన్న పార్టీ ఆదేశం) ఉంటే మాత్రం అది పార్టీ మాటే. సొంత అభిప్రాయం పసిగట్టాలంటే ప్రైవేటు మెంబరు బిల్లులు (మంత్రి కాని సభ్యులు పెట్టేవి), జీరో అవర్ (అత్యవసర విషయాలు లేవనెత్తే సమయం) ప్రసంగాలు చదవండి.