ఊరికి తిరిగొచ్చిన పిల్లలు సేద్యం ఎక్కడ మొదలుపెట్టాలి: అర ఎకరం, ఒక వాన నోటుబుక్కు

బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో నాలుగేళ్లు చేసి చేను చూసుకుంటాం అని తిరిగొచ్చే పిల్లలు మా అనంతపురం వైపు కనపడుతున్నారు, చాలా సంతోషం. కానీ వచ్చిన వారానికే పొలమంతా ప్రకృతి సేద్యంలోకి మార్చేద్దాం అని నాయనతో గొడవ పెట్టుకోవద్దు. అర ఎకరం అడగండి చాలు, దారి పక్కన అందరికీ కనపడేదైతే ఇంకా మంచిది.

ఆ అర ఎకరంలో ముందు చేయాల్సింది నేలని ఎండకి వదలకపోవడం. సెనక్కాయ పీకినాక జూన్ దాకా నేల ఊరికే కాలుతుంటది కదా, అందుకే ఏప్రిల్, మే నెలల్లోనే సజ్జ, జొన్న, కొర్ర, కంది, అలసంద, ఉలవ, అనుము, ఆముదం, గోగు ఇట్లా పదిహేను రకాలకి తగ్గకుండా కలిపి, మట్టి, బూడిద, ఘనజీవామృతం (పేడతో చేసే పొడి ఎరువు) పొరలు పట్టించి గుళికలు చేసి చల్లాలి, పైన సెనక్కాయ పొట్టో వరిగడ్డో తప్పకుండా కప్పాలి. నేను మొదటి ఏడాది ఈ కప్పడం ఒక్కటి వదిలేశాను, మొలిచినవి మొలిచినట్టే మాడిపోయినాయి. కప్పితే చిన్న వానకి కూడా పదును నిలుస్తది, యాభై అరవై రోజులకి పశువులకి మేత, తర్వాత అదే నేలలో అసలు పంట.

నేలకి పోసే ద్రవజీవామృతం (పేడ, పంచితంతో పులియబెట్టే నీళ్ల ఎరువు) అర ఎకరానికి 100 లీటర్ల నీళ్లలో 5 కిలోల నాటావు పేడ, 5 లీటర్ల పంచితం, కిలో నల్లబెల్లం, కిలో పప్పుల పిండి, మందులు పడని గట్టు మన్ను గుప్పెడు. నీడలో గోనెపట్ట కప్పి రెండు పూటలా కలుపుతా 48 గంటలు ఉంచి, వారం లోపల నేలలో తేమ ఉన్నప్పుడు పోసేయాలి. ఊళ్లో ప్రకృతి సేద్యం నేర్పే ఐసీఆర్పీ అక్కో అన్నో ఉంటే ఒకసారి పక్కన నిలబెట్టుకుని చేయండి. మన రాష్ట్రంలో ఈ ప్రకృతి సేద్యం పని 2016 నుంచి ప్రభుత్వానిదైన రైతు సాధికార సంస్థ కింద నడుస్తా ఉంది, 2024లో గుల్బెంకియన్ ప్రైజ్ అనే అంతర్జాతీయ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఇదొకటి, అదంతా పొదుపు సంఘాల ఆడవాళ్ల చలవే అని నా నమ్మకం.

ఇంక నోటుబుక్కు. నాకు అన్నిటికంటే ఇదే ముఖ్యం. అడుగూ మూతీ ఒకే వెడల్పున్న డబ్బా చేలో చదునుగా పెట్టి, రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి స్కేలుతో కొలిచి రాయండి, ఒక్క మిల్లీమీటరు అంటే ఎకరాకి దాదాపు 4,000 లీటర్ల నీళ్లు. మండలంలో పడిన వాన మన చేలో పడాలని లేదు, ఆఫీసుల్లో లెక్క మాత్రం మండలానిదే చూస్తారు. విత్తిన రోజు, పైరు వాడిన రోజు, ఖర్చు కూడా రాయండి, అర ఎకరానిది వేరే, మిగతా పొలానిది వేరే. ఇట్లా ఊళ్లో పది మంది రాస్తే అది చాలా పెద్ద బలం, ఎందుకంటే గ్రామసభలో వాతావరణం మారిపోయిందండీ అంటే అందరూ తలూపి టీ తాగి పోతారు, అదే ఫలానా తేదీ నుంచి 35 రోజులు చుక్క పడలేదు, పన్నెండు మంది చేలు ఎండినాయి, చెరువు పూడిక తీయించాలి అంటే జవాబు చెప్పాల్సిందే.

గ్రామసభలు మామూలుగా జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 వీటిల్లో పెడతారు. ఒకే ఒక్క పని అడగండి, కాగితం మీద అడగండి, తీర్మానం పుస్తకంలో ఎక్కిందాకా కదలొద్దు. తర్వాత కదలిక లేకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఫసల్ బీమా ఉన్నోళ్లు వడగళ్లు, ముంపు నష్టం 72 గంటల్లోపు తెలపాలి, ఫోన్ చేయడం రాని పెద్దోళ్లకి ఆ పని మీరే చేసిపెట్టండి.

విత్తనాలు మార్చిలోనే పోగేయండి. అనుములు, కొర్రలు బూడిద కలిపి దాచే జేజమ్మలు ఊరికి ఇద్దరన్నా ఉంటారు, ముందు వాళ్లని అడిగి, దొరకనివే అంగట్లో కొనండి.