ప్రాణహిత ఒడ్డున అటవీ ఇంటర్న్‌షిప్: కేసుల పని నేర్చుకోదలచినవారికి

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ, అహేరి, ఆలాపల్లి ప్రాంతాల తెలుగు విద్యార్థులు అటవీ సిబ్బందితో కొంతకాలం పనిచేయాలనుకుంటే, మొదట తమ కళాశాల ప్రిన్సిపాల్ లేఖను జతచేసి, సంబంధిత అటవీ డివిజన్ ఉప వనసంరక్షకుని (డీసీఎఫ్) పేరిట మరాఠీలో దరఖాస్తు రాయాలి. తాడోబా–అంధారి పులుల అభయారణ్యంలో చేయదలచినవారు చంద్రపూర్‌లోని క్షేత్ర సంచాలకుల కార్యాలయానికి వెళ్లాలి. అభయారణ్యంలోకి అధ్యయనం కోసం ప్రవేశించడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద అనుమతి కావాలి కనుక, సెలవులు మొదలయ్యాక దరఖాస్తు పెడితే సెలవులు కాస్తా కార్యాలయాల చుట్టూ తిరగడంతోనే ముగుస్తాయి.

ఫిబ్రవరి 15 నుంచి జూన్ 15 వరకు సాగే అగ్ని కాలాన్ని ఎంచుకోవడం మేలు. అప్పుడు ఆకు రాలి అడవి తెరుచుకుంటుంది. ఇప్పపూల ఏరివేత, తునికాకు సేకరణ కూడా ఆ నెలల్లోనే జరుగుతాయి కనుక అడవికీ ఊరికీ ఉన్న సంబంధం కళ్లారా కనిపిస్తుంది. రేంజి కార్యాలయంలో కంప్యూటర్ ముందు కూర్చోబెడితే, కనీసం సగం రోజులైనా బీటు (ఒక్కరి కాపలాకు అప్పగించిన అడవి భాగం) చూసే వనరక్షకునితో తిరగనివ్వమని వినయంగా అడగండి. బీటుకు వనరక్షకుడు, కొన్ని బీట్లు కలిసిన రౌండుకు వనపాలుడు, ఆపై రేంజికి వనపరిక్షేత్ర అధికారి ఉంటారు. వీరిలో అడవిని రోజూ నడిచి చూసేది వనరక్షకుడే. గడ్చిరోలి జిల్లా భద్రతా పరిస్థితుల దృష్ట్యా ఏ దారిన, ఎంత దూరం వెళ్లాలన్నది సిబ్బందే నిర్ణయిస్తారు. ఆ విషయంలో వాదనకు దిగవద్దు.

ఈ ప్రాంతపు కేసుల్లో టేకు ముఖ్యమైనది. నరికిన చెట్టు మొదలు కనిపించగానే సిబ్బంది దాని చుట్టుకొలత తీసి, కోత గొడ్డలిదా రంపానిదా అని చూసి, తాజాదో పాతదో అంచనా వేస్తారు. తరువాత దుంగ దొరికితే ఆ కొలతలతోనే దానిని మొదలుతో సరిపోల్చుతారు. దుంగపై అటవీ శాఖ సుత్తితో వేసిన గుర్తు ఉందా, బండిలో రవాణా పర్వానా (అనుమతి పత్రం) ఉందా, పర్వానాలోని కొలతలూ సరుకు కొలతలూ కలుస్తున్నాయా అనేది నాకా (తనిఖీ కేంద్రం) దగ్గర చూడవలసిన విషయం. 1927 నాటి భారత అటవీ చట్టం 52వ సెక్షన్ కింద కలపతోపాటు పనిముట్లను, బండిని కూడా స్వాధీనం చేసుకోవచ్చు.

అయితే ఇంటర్న్ నిజంగా నేర్చుకోవలసింది పంచనామా, అంటే పంచుల (సాక్షుల) ఎదుట అక్కడికక్కడే రాసే పత్రం. స్థలం, వేళ, దొరికిన వస్తువులు, వాటి కొలతలు, ముద్ర వేసిన తీరు, పంచుల సంతకాలు, వీటిలో ఏది తప్పినా ఏళ్ల తరువాత కోర్టులో కేసు వీగిపోవచ్చు. మాంసం మాత్రమే దొరికిన వేట కేసుల్లో అది ఏ జంతువుదో తేల్చడానికి హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) వంటి సంస్థలు డీఎన్‌ఏ పరీక్ష చేస్తాయి. నమూనా అడవిలో దొరికినప్పటి నుంచి ప్రయోగశాలకు చేరేవరకు ఎవరి చేతుల్లో ఉందో కాగితంపై చూపలేకపోతే ఆ పరీక్షకు విలువ ఉండదు. పాత, ముగిసిన కేసుల దస్త్రాలను చూడనిమ్మని అధికారిని అడిగి, గెలిచిన కేసునూ ఓడిన కేసునూ పక్కపక్కన పెట్టి చదివితే, పది గస్తీలు నేర్పని విషయం తెలుస్తుంది.

మరొక సంగతి సాధారణంగా ఎవరూ చెప్పరు. వన్యప్రాణి చట్టం 50వ సెక్షన్ ప్రకారం సహాయ వనసంరక్షకుని హోదాకు తగ్గని అధికారి సాక్ష్యం నమోదు చేయవచ్చు. నిందితుని సమక్షంలో నమోదైన ఆ సాక్ష్యం విచారణలో చెల్లుతుంది. మన సరిహద్దులో నిందితుడు తెలుగులోనో మాడియా గిరిజనుల భాషలోనో చెప్పినది మరాఠీలో రాయబడుతుంది కనుక, దానిని అతని భాషలో చదివి వినిపించడం తప్పనిసరి పని. తెలుగు వచ్చిన ఇంటర్న్ ఇక్కడ ఉపయోగపడగలడు గానీ, అధికారి కోరితే తప్ప అనువాదానికి పూనుకోకూడదు.

ఇంటర్న్‌కు సోదా చేసే, పట్టుకునే, ప్రశ్నించే అధికారం ఏదీ లేదు. ఉచ్చు గానీ, పంటచేల దగ్గర వేసిన కరెంటు తీగ గానీ కనిపిస్తే ముట్టుకోకుండా సిబ్బందిని పిలవాలి. తీగలో ప్రవాహం ఉండవచ్చు, పైగా చేయి పెడితే ఆధారం చెడుతుంది. పంచుగా సంతకం చేయమంటే, తరువాత కోర్టుకు సాక్షిగా రావలసి ఉంటుందని తెలుసుకున్నాకే ఒప్పుకోండి.

తలపై కట్టె మోపుతోనో, బుట్టెడు ఇప్పపూలతోనో వచ్చే మనిషిని దొంగగా చూడవద్దు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తులపై గ్రామాలకు హక్కు ఇచ్చింది. గడ్చిరోలి జిల్లాలోనే ఉన్న మెండా (లేఖా) గ్రామం 2009లో సామూహిక అటవీ హక్కును పొందింది. బీటులో ఏ గ్రామానికి ఏ హక్కు నమోదై ఉందో మొదటి వారంలోనే అడిగి రాసుకోండి. ఇది తెలియని గస్తీ అమాయకులను భయపెట్టి, టేకు కొట్టినవారిని వదిలేస్తుంది.

నివేదికలో నిందితుల పేర్లు, కెమెరా ట్రాపులు (జంతువు కదిలితే వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు) అమర్చిన చోట్లు, జంతువుల నివాస స్థలాలు రాయకూడదు. వాటి ఫొటోలను ఫోన్‌లో ఎవరికీ పంపకూడదు. నివేదికను ముందుగా వనపరిక్షేత్ర అధికారికి చూపించి, ధ్రువపత్రంలో రౌండు పేరు, తేదీలు, చేసిన పని స్పష్టంగా ఉండేట్లు అడగండి. వనరక్షకుల పోటీ పరీక్షకు అది మార్కులు తేకపోయినా, పరిశోధక సంస్థలకు దరఖాస్తు చేసేటప్పుడు పనికివస్తుంది.