కరెంటు లైను లేని నారు గ్రీన్‌హౌస్‌ను సోలార్‌తో వెచ్చగా ఉంచడం ఎలా?

తిరుపతి, శ్రీకాళహస్తి, నగరి వైపు నర్సరీ ఉన్నవాళ్లకు ఇదంతా అక్కర్లేదు. అక్కడ గ్రీన్‌హౌస్‌లో వేడి ఎలా తగ్గించాలన్నదే ఎప్పుడూ సమస్య. మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరితే సంగతి వేరు. పలమనేరు, వి.కోట, కుప్పం ప్రాంతమంతా సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైనే ఉంటుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో 15 డిగ్రీలకు, కొన్ని రోజులు ఇంకా కిందికి దిగుతుంది. క్యాప్సికం, మిరప విత్తనం బాగా మొలిచేది 25 నుంచి 30 డిగ్రీల మధ్య. చలికి విత్తనం కోకోపీట్‌లోనే (ట్రేల్లో నింపే కొబ్బరి పొట్టు) నానిపోయి, సగం కుళ్లి, మిగతా సగం వారం తేడాతో ఒక్కొక్కటే లేస్తుంది. హైబ్రిడ్ విత్తనం గింజ లెక్కన కొనే రోజుల్లో అది చిన్న నష్టం కాదు. కరెంటు లైను ఉన్నా, వ్యవసాయ ఫీడరుకు (పొలాల లైనుకు) 9 గంటల కరెంటు ఇచ్చేది పగటి పూట. వేడి కావలసింది రాత్రికి.

అందుకే చాలామంది సోలార్ వైపు చూస్తున్నారు. చూసి, నేరుగా ఇన్వర్టరు, రెండు బ్యాటరీలు, ఒక రూమ్ హీటరు కొనేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

లెక్క చూడండి. 12 వోల్ట్‌ల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దించితే దాని ఆయుష్షు పోతుంది కాబట్టి, మీ చేతికి వచ్చేది 0.9 యూనిట్. వెయ్యి వాట్ల హీటరు దాన్ని గంటలోపే తాగేస్తుంది. మరోవైపు 100 లీటర్ల నీళ్లు 60 డిగ్రీల నుంచి 30కి చల్లారేటప్పుడు ఇచ్చే వేడి దాదాపు 3.5 యూనిట్లు. అంటే వంద లీటర్ల వేడినీళ్లు నాలుగు పెద్ద బ్యాటరీల పని చేస్తాయి. వేడిని వేడిగానే దాచుకోవాలి. దాన్ని కరెంటుగా మార్చి, బ్యాటరీలో దాచి, మళ్లీ వేడిగా మార్చడం ఖర్చు దండగ. కరెంటు కావలసింది ఆ నీళ్లను తిప్పే చిన్న పంపుకు మాత్రమే.

రెండో తప్పు, గ్రీన్‌హౌస్ మొత్తం గాలిని వేడి చేయాలనుకోవడం. పలుచటి పాలిథీన్ గోడల గుండా ఆ వేడి బయటికి పోతూనే ఉంటుంది. విత్తనానికి కావలసింది దాని కింద వెచ్చదనం. ట్రేలు పెట్టే బెడ్డును వేడి చేసి, దాని మీద రెండడుగుల ఎత్తులో చిన్న టన్నెల్ కప్పితే చాలు. ఇక లోపల బొగ్గుల కుంపటి పెట్టే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. మూసిన చోట ఆ పొగ మనిషి ప్రాణానికే ముప్పు, నారుకూ మంచిది కాదు. అది మానేయాల్సిందే.

ఏమేం కావాలి

12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు బెడ్డుకు లెక్క చెబుతున్నాను. 98 గుంటల ప్రోట్రేలు 28 నుంచి 30 దాకా పడతాయి, అంటే మూడు వేలకు దగ్గరగా నారు. 100 లీటర్ల గాజు గొట్టాల సోలార్ వాటర్ హీటరు, ప్రెషరు లేని మామూలు రకం. 12 వోల్ట్‌ల డీసీ సర్క్యులేషన్ పంపు, 15 నుంచి 20 వాట్లది, వేడినీళ్లకు పనికొస్తుందని దాని మీద రాసి ఉండాలి. 75 వాట్ల ప్యానెల్, బ్యాటరీ చార్జింగును అదుపు చేసే చార్జ్ కంట్రోలరు, 12 వోల్ట్‌ల 20 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ. వేడిని చూసి పంపును నడిపి, ఆపే డిజిటల్ థర్మోస్టాట్, 12 వోల్ట్‌లతో పనిచేసేది, నీటిలో తడిసినా పాడవని సెన్సరుతో. ఒక థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వు, అంటే వేడినీళ్లలో చల్లనీళ్లు కలిపి మనం పెట్టిన డిగ్రీల దగ్గర నిలిపేది. 50 డిగ్రీల దగ్గర తెగే చిన్న థర్మల్ స్విచ్. బెడ్డులోకి సుమారు వంద అడుగుల కాంపోజిట్ పైపు, హీటరు నుంచి బెడ్డు దాకా సీపీవీసీ (వేడినీళ్లు తట్టుకునే పీవీసీ). రెండు అంగుళాల థర్మాకోల్ షీట్లు, ఇసుక, పాలిథీన్, టన్నెల్‌కు వంచే జీఐ తీగ.

డ్రిప్ లేటరల్ పైపు ఇంట్లో మిగిలి ఉంది కదా, అదే వేస్తే సరిపోదా అని అందరూ అడుగుతారు. సరిపోదు. వేడినీళ్లకు అది మెత్తబడి జాయింట్ల దగ్గర ఊడిపోతుంది. మామూలు తెల్ల పీవీసీ కూడా వద్దు.

బెడ్డు, పైపులు

నేల చదును చేసి చుట్టూ ఒక వరుస ఇటుకలు పేర్చండి. అడుగున థర్మాకోల్, దాని మీద పాలిథీన్, ఆపైన అంగుళం ఇసుక. థర్మాకోల్ ఎగ్గొడితే వేడిలో పెద్ద భాగం నేలలోకి పోతుంది. పైపును అర అడుగు ఎడంతో ఎనిమిది వరుసలుగా పరచండి. ఒక చివర మొదలుపెట్టి రెండో చివరికి పాములా తీసుకుపోతే ఒకవైపు నారు ముందు, ఇంకోవైపు నారు వెనక లేస్తుంది. వెళ్లే పైపు పక్కనే తిరిగివచ్చే పైపు ఉండేలా జంటగా వేస్తే వేడి సమంగా పడుతుంది. పైన రెండు అంగుళాల ఇసుక పోసి తడపండి. పొడి ఇసుక వేడిని సరిగా పైకి పంపదు.

హీటరు, పంపు, ప్యానెల్

నీళ్లు నింపిన హీటరు బరువును గ్రీన్‌హౌస్ పైపుల మీద మోపకండి. విడిగా స్టాండు వేసి, ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా నీడ పడని చోట దక్షిణానికి తిప్పి పెట్టండి. ట్యాంకు అడుగు భాగం బెడ్డు కంటే ఎత్తులో ఉండాలి. పైపులు బెడ్డు నుంచి ట్యాంకు దాకా ఎక్కడా గూని లేకుండా ఒకే వాలుగా పైకి వెళ్లాలి. అప్పుడు పైపుల్లో చేరిన గాలి దానంతట అదే ట్యాంకులోకి ఎక్కి వెంట్ పైపు గుండా పోతుంది. మధ్యలో ఒక్క గూని ఉన్నా గాలి అక్కడ నిలిచి పంపు ఊరికే తిరుగుతుంది. వెంట్ పైపును ఎప్పుడూ మూయవద్దు.

పంపును తిరిగివచ్చే పైపు మీద, అన్నిటికంటే కింద బిగించండి. బెడ్డులో వేడి వదిలేసి వచ్చిన నీళ్లు కాబట్టి పంపు ఎక్కువకాలం మన్నుతుంది. పంపు దాటాక ఆ పైపు రెండుగా చీలాలి. ఒక కొమ్మ ట్యాంకు అడుక్కి, ఇంకో కొమ్మ మిక్సింగ్ వాల్వు చల్లనీళ్ల నోటికి. ట్యాంకు పైనుంచి వచ్చే వేడినీళ్లు వాల్వు రెండో నోటికి. కలిసిన నీళ్లు బెడ్డుకు.

నీళ్లు తెల్లవారుజామునే నింపండి. మధ్యాహ్నం ఎండలో కాలిన ఖాళీ గొట్టాల్లో చన్నీళ్లు పోస్తే గాజు పగులుతుంది. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, కాబట్టి వాననీళ్లో ఫిల్టరు నీళ్లో పోయండి. ఒకసారి నింపిన నీళ్లే తిరుగుతుంటాయి, అప్పుడప్పుడు కాస్త కలిపితే సరి.

మన దగ్గర అక్షాంశం 13 డిగ్రీలు. ఏడాదంతా వాడే ప్యానెల్‌ను ఆ వాలులో పెడతారు. మనకు పని చలికాలంలోనే కాబట్టి 28, 30 డిగ్రీల వాలు పెట్టండి. బ్యాటరీ పాజిటివ్ వైరుకు, బ్యాటరీ పక్కనే 5 ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. ఫ్యూజు లేని బ్యాటరీ కనెక్షన్ నేను ఒప్పుకోను.

అసలు కష్టం: వేడిని అదుపులో పెట్టడం

ఇక్కడిదాకా అందరూ బాగానే చేస్తారు. నారు చచ్చేది ఇక్కడే. చలికి చచ్చిన నారు కంటే, హీటింగ్ పెట్టాక వేర్లు ఉడికి చచ్చిన నారునే నేను ఎక్కువ చూశాను.

ఎందుకంటే ఎండ బాగా కాసిన రోజు ట్యాంకులో నీళ్లు 60, 70 డిగ్రీలు ఉంటాయి. అవి నేరుగా బెడ్డులోకి పోతే ముందు ఇసుక వేడెక్కుతుంది. ఆ వేడి ట్రే దాటి విత్తనం దగ్గరికి రావడానికి సమయం పడుతుంది. సెన్సరు 26 చూపించి పంపు ఆగేసరికి ఇసుక 40 దాటి ఉంటుంది. పంపు ఆగినా ఇసుకలో వేడి పైకి వస్తూనే ఉంటుంది. అర్ధరాత్రి కోకోపీట్ 35 దాటుతుంది, మీరు నిద్రలో ఉంటారు. థర్మోస్టాట్ ఉంది కదా, టెన్షన్ లేదు అనుకోవడం ఇక్కడ పనికిరాదు. మిక్సింగ్ వాల్వు అందుకే. చాలామంది డబ్బులు మిగుల్చుకోవడానికి దీన్నే తీసేస్తారు. వాల్వును 40 డిగ్రీలకు పెట్టండి. వాల్వు మీది గుర్తులను నమ్మకండి. సాయంత్రం పంపు నడిపించి, వాల్వు దాటిన పైపుకు థర్మామీటరు కట్టి, పైన గుడ్డ చుట్టి, పది నిమిషాలు ఆగి చూసి తిప్పుకోండి.

ఇక సెన్సరు. టన్నెల్ గాలిలో వేలాడదీయకూడదు. తెల్లవారుజామున గాలి ఎలాగూ చల్లగానే ఉంటుంది, దాన్ని చూసి పంపు ఆగకుండా తిరుగుతుంది. ఇసుకలో గుచ్చకూడదు. ఇసుక 30 ఉన్నప్పుడు విత్తనం ఇంకా 22 దగ్గరే ఉండవచ్చు. బెడ్డు నడుమ ఉన్న ట్రేలో, విత్తనం ఉండే లోతులో, తడి కోకోపీట్‌లో గుచ్చాలి. ఆ కోకోపీట్ ఎండితే సెన్సరు తప్పు చెబుతుంది, కాబట్టి మిగతా ట్రేలతో పాటు దానికీ నీళ్లు పడాలి.

ఇంకో ప్రమాదం మనుషుల వల్ల వస్తుంది. పనికి వచ్చినవాళ్లు నీళ్లు పట్టడానికో, మొలకలు చూడటానికో ట్రే ఎత్తుతారు. సెన్సరు ఊడి బయట పడుతుంది. ఆ రాత్రి పంపు తెల్లవార్లూ నడుస్తుంది. అందుకే సెన్సరు ట్రేను విత్తనం వేయకుండా విడిగా ఉంచి, తీగతో బెడ్డుకు కట్టేయండి. దాని మీద రంగు గుడ్డ కట్టి, ఇది కదపకూడదని అందరికీ ఒకసారి చూపించండి. ఒక ట్రే నారు పోతుందని లోభపడవద్దు.

అయినా వాల్వు పాడవచ్చు, థర్మోస్టాట్‌లో రిలే (పంపును నడిపి, ఆపే లోపలి స్విచ్) అతుక్కుపోవచ్చు. 50 డిగ్రీల థర్మల్ స్విచ్‌ను బెడ్డులోకి వెళ్లే పైపుకు గట్టిగా కట్టి, పంపు వైరును దాని గుండా తీసుకెళ్లండి. ఏది చెడినా మరిగే నీళ్లు వస్తే పంపు ఆగిపోతుంది. చాలా చవకైన వస్తువు ఇది, దీన్ని వదిలేసినవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

ఇవన్నీ బిగించాక విత్తనం వేయకుండా మూడు రాత్రులు నడపండి. ట్రేలు కోకోపీట్‌తో నింపి, తడిపి పెట్టి నడపాలి. ఖాళీ ట్రేలతో చేసిన పరీక్ష పరీక్ష కాదు. థర్మోస్టాట్‌ను 26 దగ్గర ఆగి, 24 దగ్గర మళ్లీ మొదలయ్యేలా పెట్టండి. బెడ్డు రెండు చివర్లా చెరో థర్మామీటరు గుచ్చి, రాత్రి పదికి ఒకసారి, రెండుకు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి లేచి రాసుకోండి. పంపు ఆగాక కూడా రెండు డిగ్రీలకు మించి పెరుగుతోందంటే థర్మోస్టాట్ జోలికి పోకండి, వాల్వును 38కి, ఇంకా అవసరమైతే 36కి దించండి. రెండు చివర్ల మధ్య మూడు డిగ్రీలకు మించి తేడా ఉంటే పైపులో గాలి నిలిచిందని అనుమానించండి. మూడు రాత్రులూ కుదురుగా నడిచాకే విత్తనం ప్యాకెట్టు కత్తిరించాలి.

విత్తనం వేశాక

సాయంత్రం ఐదున్నరకల్లా టన్నెల్ మూసి, దాని మీద పాత కంబళ్లో గోనె పట్టాలో కప్పండి. ఈ పైకప్పు లేకపోతే వంద లీటర్ల వేడి తెల్లారేదాకా సరిపోదు. పొద్దున ఎనిమిదిన్నరకల్లా పట్టాలు తీసి, టన్నెల్ చివర్లు తెరవాలి. పలమనేరులో కూడా జనవరి మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది, మూసిన పాలిథీన్ కింద 40 దాటడానికి ఎంతోసేపు పట్టదు.

మొలకలు సగానికి పైగా లేవగానే థర్మోస్టాట్‌ను 20కి దించండి. మొలిచాక కూడా 26లోనే ఉంచితే నారు సన్నగా, పొడుగ్గా సాగి పడిపోతుంది, తడి వెచ్చదనానికి మొదలు కుళ్లు కూడా పట్టుకుంటుంది.

ఈశాన్య రుతుపవనాల కాలం కాబట్టి నవంబరు, డిసెంబరుల్లో వాయుగుండం పడితే నాలుగైదు రోజులు ఎండ ముఖం కనబడదు. వాతావరణ సూచన చూసుకుని, కనీసం వారం ఎండ ఉంటుందనుకున్నప్పుడే విత్తండి. విత్తాక మబ్బు పట్టిందా, మొలక రాకముందైతే ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చి, పాలిథీన్‌తో చుట్టి, కంబళి కప్పి ఉంచండి. లోపలి తేమ, వెచ్చదనం నిలుస్తాయి. రోజుకు రెండుసార్లు విప్పి చూడాలి. తెల్ల మొలక కనబడగానే దించి పరవాలి, ఒక్క పూట ఆలస్యమైనా మొలకలు పై ట్రేకు గుచ్చుకుని వంగిపోతాయి.

ఫిబ్రవరి చివరికి పని అయిపోతుంది. అప్పుడు హీటరును అలాగే వదిలేయకండి. వేడి వాడేవాళ్లు లేకపోతే ట్యాంకులో నీళ్లు మరిగి ఆవిరైపోతాయి, గొట్టాలు ఎండిపోతాయి. గాజు గొట్టాల మీద గోనె పట్టాలు కప్పి తాడుతో కట్టండి. పంపును నెలకోసారి ఐదు నిమిషాలు నడిపితే లోపల బిగుసుకుపోదు. ప్యానెల్, బ్యాటరీ ఖాళీగా ఉంటాయి కాబట్టి వేసవిలో వాటికి 12 వోల్ట్‌ల ఫ్యాను ఒకటి తగిలించి గ్రీన్‌హౌస్ వేడిగాలిని బయటికి తోడించుకోవచ్చు.