లాఫ్ట్ మెలిపడితే, షెల్ ఫెయిలైతే: ఆటోకాడ్‌లో హాపర్ గీసేవారికి సమస్య - పరిష్కారం

విజయవాడ ఆటోనగర్‌లో రేకు పని డ్రాయింగులు వేసేవారికి తరచూ ఎదురయ్యే ఆకారం ఒకటుంది. పైన చదరంగా, కింద గుండ్రంగా ఉండి లోపల బోలుగా ఉండే హాపర్ (సరుకు పోసే గరాటు లాంటి తొట్టి) అది. గుంటూరు వైపు కారం మిల్లుకైనా, మరో మిల్లుకైనా దాని రూపం దాదాపు ఇదే. ఆటోకాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో, రెండు గీతల ఆకారాలను కలిపే లాఫ్ట్ కమాండ్‌తో ఘనంగా (సాలిడ్‌గా) తయారుచేసి, షెల్‌తో బోలు చేస్తే అయిపోతుంది. వినడానికి రెండు కమాండ్లే కానీ, కొత్తవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది కూడా ఇక్కడే. నా ఉద్దేశంలో ఈ ఇబ్బందుల్లో చాలా వాటికి మూలం కమాండ్‌లో ఉండదు, కమాండ్‌కు ఇచ్చిన గీతల్లో ఉంటుంది. అందుకే ఏ సమస్య వచ్చినా ముందు సెక్షన్లనే, అంటే పై చదరం, కింది వృత్తం లాంటి గీతలనే చూడాలి.

ఉదాహరణకు ఈ కొలతలు తీసుకుందాం: పైన 600 మి.మీ. చదరం, కింద 200 మి.మీ. వ్యాసం, ఎత్తు 500 మి.మీ., రేకు మందం 3 మి.మీ.

లాఫ్ట్ అని కొడితే అలాంటి కమాండ్ లేదంటోంది

మీ సిస్టంలో ఉన్నది బహుశా ఆటోకాడ్ ఎల్‌టి. దాంట్లో 3డి సాలిడ్ మోడలింగ్ ఉండదు. సెట్టింగులు వెతుకుతూ టైమ్ వృథా చేసుకోవద్దు, పూర్తి ఆటోకాడ్ ఉన్న సిస్టం చూసుకోండి. పాత వెర్షన్ అయితే 2007 లేదా ఆ తర్వాతిది కావాలి, లాఫ్ట్ వచ్చింది ఆ వెర్షన్‌లోనే.

సాలిడ్ రావాల్సిన చోట పల్చటి సర్ఫేస్ వచ్చింది, లేదా సెక్షన్‌నే తీసుకోవడం లేదు

సెక్షన్లన్నీ మూసినవైనా కావాలి, అన్నీ తెరిచినవైనా కావాలి. రెండూ కలిపితే లాఫ్ట్ ఒప్పుకోదు. అన్నీ తెరిచినవైతే వచ్చేది సర్ఫేస్ మాత్రమే. కంటికి మూసినట్టు కనిపించే చదరం నిజానికి నాలుగు విడి గీతలై ఉండొచ్చు, లేదా చివరి మూల దగ్గర సన్నని సందు మిగిలి ఉండొచ్చు. గీతను సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్‌లో క్లోజ్డ్ అన్న చోట ఏముందో చూడండి. నో అని ఉంటే పిఎడిట్ (పాలీలైన్‌ను, అంటే ముక్కలన్నీ ఒకటిగా కలిసిన గీతను సవరించే కమాండ్)లో జాయిన్ చేసి క్లోజ్ చేయండి. అన్నీ మూసే ఉన్నా సర్ఫేసే వస్తుంటే, లాఫ్ట్ కమాండ్‌లోని మోడ్ ఆప్షన్ సర్ఫేస్ మీద ఉండిపోయింది. దాన్ని సాలిడ్‌కు మార్చండి.

రెండు సెక్షన్లూ ఒకే ఎత్తులో ఉండిపోవడం ఇంకో కారణం. టాప్ వ్యూలో అంతా బాగానే కనిపిస్తుంది. పక్కనుంచి చూస్తే వృత్తం 500 కిందికి దిగనే లేదని తెలుస్తుంది.

లాఫ్ట్ మొదలుపెట్టే ముందు, మూల గీతలను ఉంచాలో తీసేయాలో చెప్పే డెల్‌ఆబ్జ్ సెట్టింగ్ విలువను 0 చేయడం మంచి అలవాటు. లేకపోతే సాలిడ్ తయారు కాగానే సెక్షన్ గీతలు మాయమవుతాయి, మళ్లీ కావాలంటే మొదటినుంచీ గీయాలి.

హాపర్ పక్కలు పిండిన గుడ్డలా మెలి తిరిగాయి

అందరికీ టెన్షన్ పెట్టేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చూద్దాం. చదరానికి నాలుగు మూలలున్నాయి. వృత్తానికి ఒక్క మూల కూడా లేదు. ఏ మూలను వృత్తం మీద ఏ బిందువుతో కలపాలో ఆటోకాడ్ తనంతట తానే ఊహించుకోవాలి. మెలిక తగ్గించే ఏర్పాటు లాఫ్ట్‌పారమ్ అనే సెట్టింగ్‌లో మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది, అయినా ప్రతిసారీ ఫలితం మనం అనుకున్నట్టు రాదు. వృత్తాన్ని రొటేట్ చేసి చూస్తుంటారు కొందరు. వృత్తాన్ని ఎంత తిప్పినా వృత్తమే కాబట్టి దానివల్ల లాభం లేదు.

ఊహించుకునే పనే లేకుండా చేయడం సరైన దారి. చదరాన్ని ఎడమ కింది మూల నుంచి కుడి పై మూలకు గీయండి. అప్పుడు దాని మొదటి బిందువు ఎడమ కింది మూల అవుతుంది, దిశ అపసవ్యంగా ఉంటుంది. వృత్తం బదులు నాలుగు ఆర్క్‌లు పెట్టండి. మొదటిది 225 డిగ్రీల దగ్గర మొదలై 315 దగ్గర ముగియాలి, మిగిలిన మూడూ అదే వరసలో రావాలి. వీటిని కలపడానికి జాయిన్ కమాండ్ వాడొద్దు. ఒకే కేంద్రం, ఒకే వ్యాసార్ధం ఉన్న ఆర్క్‌లను అది ఒకే ఆర్క్‌గా కలిపేస్తుంది, మనం పెట్టిన మూలలన్నీ పోతాయి. పిఎడిట్‌లోని జాయిన్ అయితే నాలుగు ముక్కలనూ విడిగా ఉంచి పాలీలైన్ చేస్తుంది. ఇప్పుడు రెండు సెక్షన్లకూ నాలుగేసి మూలలు, ఒకే ప్రారంభం, ఒకే దిశ. లిస్ట్ కొడితే బిందువులు వరసగా కనిపిస్తాయి. ఏదైనా ఎదురు దిశలో ఉంటే రివర్స్ చేయండి.

లాఫ్ట్‌లో సెక్షన్లను విండోతో ఒకేసారి పట్టుకోవద్దు. పైనుంచి కిందికి ఒక్కొక్కటే క్లిక్ చేయండి, ఎంచుకున్న వరసలోనే ఆకారం వస్తుంది.

ఒక జాగ్రత్త: ఇలా వచ్చిన పక్కలు పూర్తి చదును కాదు, కొద్దిగా వంపు తిరిగి ఉంటాయి. చూపించడానికి, ఇది యంత్రంలో పడుతుందో లేదో చూసుకోవడానికి మోడల్ చాలు. రేకు కత్తిరించే కొలతలు మాత్రం దీన్నుంచి తీయకండి. వాటికి మూలల నుంచి వృత్తం మీది బిందువులకు గీతలు గీసి, త్రిభుజాలుగా విడగొట్టి డెవలప్‌మెంట్ (రేకును చదునుగా పరిచిన డ్రాయింగ్) వేయాల్సిందే.

మెడ దగ్గర కుండలా ఉబ్బింది

కింద నిలువు మెడ కోసం మూడో సెక్షన్ పెట్టినప్పుడు ఇలా అవుతుంది. లాఫ్ట్‌లోని స్మూత్ ఫిట్ అనే సెట్టింగ్ అన్ని సెక్షన్ల గుండా నున్నటి వంపు లాగుతుంది. సెట్టింగ్స్‌లో రూల్డ్ ఎంచుకుంటే పక్కలు తిన్నగా వస్తాయి. నేనైతే వాలుగా ఉన్న భాగాన్నే లాఫ్ట్ చేసి, మెడను విడిగా ఎక్స్‌ట్రూడ్ చేసి, రెంటినీ యూనియన్‌తో కలుపుతాను. ఆ తర్వాత ఒకే షెల్ ఇస్తే గోడ తెగకుండా వస్తుంది.

షెల్ ఇస్తే మోడలింగ్ ఆపరేషన్ ఎర్రర్ వస్తోంది

షెల్ అంటే ప్రతి ముఖాన్నీ మందం మేరకు జరిపి, మళ్లీ ఒకదానితో ఒకటి కలపడం. లోపలి వంపు వ్యాసార్ధం కన్నా మందం ఎక్కువైతే జరిపిన ముఖం తనను తానే కోసుకుంటుంది. లాఫ్ట్ కొన బిందువుగా ముగిసినా, ఎక్కడైనా సన్నని చీలిక లాంటి ముఖం ఉన్నా ఇదే గతి. ముందు 1 మి.మీ. మందంతో ప్రయత్నించండి. అది కుదిరి 3 కుదరకపోతే ఎక్కడో వంపు మరీ బిగుతుగా ఉందన్నమాట. 1 కూడా కుదరకపోతే సాలిడ్‌ఎడిట్‌లో బాడీ కింద ఉన్న చెక్ కొట్టి సాలిడ్ సరిగా ఉందో లేదో చూడండి. స్మూత్ ఫిట్‌తో చేసి ఉంటే రూల్డ్‌తో మళ్లీ చేయండి.

ఏదీ కుదరకపోతే లోపలి ఆకారాన్ని ఇంకో లాఫ్ట్‌గా చేసి, బయటి దానిలోంచి సబ్‌ట్రాక్ట్ చేయండి. ఇక్కడ చాలామంది గమనించని లెక్క ఒకటుంది. సెక్షన్లను 3 మి.మీ. లోపలికి ఆఫ్‌సెట్ చేస్తే గోడ మందం 3 రాదు. మన హాపర్‌లో పక్క మధ్యభాగం 500 ఎత్తులో 200 లోపలికి వస్తుంది, అంటే నిలువు నుంచి సుమారు 21.8 డిగ్రీల వాలు. గోడకు లంబంగా కొలిస్తే మందం 2.79 మి.మీ. అవుతుంది. అక్కడ 3 రావాలంటే ఆఫ్‌సెట్ 3.23 ఇవ్వాలి. మూలల దగ్గర వాలు ఎక్కువ కాబట్టి అక్కడ మందం ఇంకొంచెం మారుతుంది.

షెల్ అయింది కానీ బోలుగా లేదు, లేదా పక్క గోడ మాయమైంది

తీసేయాల్సిన ముఖాలు చెప్పకుండా ఎంటర్ కొడితే లోపల బోలు ఏర్పడుతుంది, పైనా కిందా మాత్రం మూసే ఉంటుంది. ఎక్స్‌రే విజువల్ స్టైల్‌లో చూస్తే తెలిసిపోతుంది. ఒక సాలిడ్‌కు ఒకే షెల్ ఇవ్వగలం కాబట్టి అన్‌డూ చేసి, పై ముఖాన్నీ కింది ముఖాన్నీ రిమూవ్ ఫేసెస్ దగ్గర ఎంచుకోండి. అంచు మీద క్లిక్ చేస్తే దానికి రెండు వైపులా ఉన్న ముఖాలూ పోతాయి, పక్క గోడ మాయమయ్యేది ఇందుకే. అదే చోట యాడ్ ఆప్షన్‌తో గోడను వెనక్కి తెచ్చుకోవచ్చు.

మందం ప్లస్‌లో ఇస్తే గోడ లోపలికి పెరుగుతుంది, మైనస్‌లో ఇస్తే బయటికి. మిల్లువాళ్లు 600 అన్నప్పుడు అది లోపలి కొలతో బయటి కొలతో ముందే అడగండి. లోపలిదైతే మైనస్ 3 ఇవ్వాలి. ఇది అడగకుండా చేసిన హాపర్ ఫ్రేములో పట్టకపోతే ఆ రేకంతా దండగే.

గుండ్రటి భాగం పలకలుగా కనిపిస్తోంది

మోడల్‌లో తప్పేమీ లేదు, తెర మీద చూపించే తీరే అంత. తెర మీది నునుపును నిర్ణయించే ఫేసెట్‌రెస్ సెట్టింగ్ మొదట 0.5 ఉంటుంది, 5 చేసి రీజెన్ (తెరను మళ్లీ గీయించే కమాండ్) ఇవ్వండి. ఎస్‌టిఎల్ ఫైలు (3డి ప్రింటింగ్‌కు వాడేది) తీసేటప్పుడు మాత్రం ఇదే విలువ నునుపును నిర్ణయిస్తుంది కాబట్టి అప్పుడు పట్టించుకోవాలి.

బరువు లెక్క పొంతన లేకుండా వచ్చింది

సాలిడ్ ఘనపరిమాణం (వాల్యూమ్), ద్రవ్యరాశి (మాస్) చూపించే మాస్‌ప్రాప్ కమాండ్‌లో వచ్చే మాస్‌ను కిలోలనుకోవద్దు. ఆటోకాడ్ సాంద్రతను 1గా తీసుకుంటుంది, అందుకే మాస్, వాల్యూమ్ ఒకే అంకె చూపిస్తాయి. మి.మీ.లో గీసి ఉంటే, మైల్డ్ స్టీల్‌కు ఆ వాల్యూమ్‌ను 0.00000785తో గుణిస్తే కిలోలు వస్తాయి. షెల్‌కు ముందు, తర్వాత రెండుసార్లూ వాల్యూమ్ రాసుకోండి. గోడ లోపలికి పెరిగితే ఆ రెంటి తేడాయే హాపర్‌లో పట్టే సరుకు ఘనపరిమాణం. పది లక్షలతో భాగిస్తే లీటర్లలో వస్తుంది.